సర్కారు హక్కు, బీరమ్మ సంచి

మా ఊరి పోస్టాఫీసు మా ఇంటి ముందు గది. ఆ గదికి ఒక కిటికీ, కిటికీ వెనక ఒక బల్ల, బల్ల వెనక ముప్పై ఏళ్లుగా నేను. పేరు సిద్దిరాములు. ఊరు రాళ్లచెలక, జడ్చర్లకు పదకొండు కిలోమీటర్లు. ఉద్యోగం బ్రాంచి పోస్టు మాస్టరు. మాస్టరు అనగానే నా కింద ఎంతమంది పనిచేస్తారో అని కొత్తవాళ్లు అనుకుంటారు. నా కింద ఒక కుర్చీ ఉంది, అంతే. సంచి విప్పేదీ, ముద్ర కొట్టేదీ, ఇల్లిల్లూ తిరిగి పంచేదీ నేనే. ఇంత పెద్ద పదవిలో ఉండి సర్కారు హక్కును కాపాడబోయి, గుర్వయ్య అనే గొర్లకాపరి నేల పోగొట్టినంత పని చేశాను. ఆ సంగతి ఇంకొకరు చెబితే మరీ అన్యాయంగా చెబుతారు కాబట్టి నేనే చెబుతున్నాను.

మేము నేతపని వాళ్లం. నేను మగ్గం మీద కూర్చుంటే పోగులు తెగేవి. ఒకసారి నేను నేసిన పంచెను మా నాయిన ఎండకు ఎత్తి పట్టుకుని చూసి, "దోమతెరకు పనికొస్తది తియ్యి" అన్నాడు. ఆ మాటతో మగ్గం దిగాను. ఆ ఏడాదే పోస్టాఫీసులో ఖాళీ పడింది. పదో తరగతి పాసైనవాడు, ఇంట్లో ఒక గది ఖాళీగా ఉన్నవాడు కావాలన్నారు. ఊళ్లో ఆ రెండూ ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. పోటీ లేకుండా గెలిచినవాడి గర్వం ఎలా ఉంటుందో నన్ను చూస్తే తెలిసేది. మగ్గం నా భార్య ఆండాళుకు మిగిలింది. ఆమె ఈనాటికీ నేస్తోంది, ఆమె చేతిలో పోగులు తెగవు.

మహబూబ్‌నగర్‌లో మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. చెప్పినవాటిలో సగం భోజనం తర్వాత చెప్పడం వల్ల నాకు అందలేదు. ఒక్క మాట మాత్రం మనసులో నాటుకుంది. ఈ దేశంలో ఉత్తరం మోసే హక్కు సర్కారు ఒక్కదానిదే, ఇంకెవరు కిరాయికి మోసినా నేరం. పద్దెనిమిది వందల తొంభై ఎనిమిది నాటి చట్టం, నాలుగో సెక్షను. దోమతెర నేసినవాణ్ణి అనిపించుకున్నవాడికి అలాంటి మాట ఒకటి దొరికితే ఎలా ఉంటుంది? ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో కండక్టరు టికెట్ అడిగితే కూడా, ఈయనకు నా హోదా తెలియదు పాపం అనుకున్నాను.

తెలంగాణ వచ్చిన ఏడాది ఊళ్లో ఉన్న బోర్డులన్నింటికీ కొత్త రంగులు వేశారు. ఆ రంగుల మనిషిని పిలిచి నేనూ ఒక బోర్డు రాయించాను. "ఉత్తరములు మోయు హక్కు ప్రభుత్వమునకు మాత్రమే గలదు. ఇతరులు మోయుట నేరము." దాన్ని కిటికీ పైన కొట్టించి నాలుగడుగులు వెనక్కి నడిచి చూసుకున్నాను. గొర్లను తోలుకుపోతున్న మైసయ్య ఆగి, కూడబలుక్కుని చదివి, "మరి నువ్వెట్ల మోస్తున్నవు సారూ? నువ్వు మనూరోనివే గదా" అన్నాడు. అలాంటివాళ్లకు చట్టం అర్థం కాదని ఊరుకున్నాను.

నిజం చెప్పాలంటే అప్పటికి ఆ హక్కు మీద కన్ను వేసినవాళ్లు ఎవరూ లేరు. ఊళ్లోకి వచ్చేవి బ్యాంకు కాయితాలు, ఆధార్ కార్డులు, కోర్టు నోటీసులు. క్షేమం అని మొదలై క్షేమం అని ముగిసే ఉత్తరాన్ని చూసి పదేళ్లయింది. దొంగలు రాని ఇంటికి రాత్రింబవళ్లు కాపలా కాసినట్టుండేది నా పని. అందుకేనేమో, దొంగ ఒకరు కనబడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. ఆ దొంగ బీరమ్మ.

మా ఊళ్లో కురుమల గడపలు నలభై దాకా ఉన్నాయి. వాన పంటలు కోత అయ్యాక గొర్ల మందలను తోలుకుని కృష్ణ కాలవల కిందికి పోతారు. దేవరకొండ దాటి, మిర్యాలగూడ దాటి, మేళ్లచెరువు దాకా పోయి, కోసిన చేలల్లో మంద పెడతారు. ఎరువు రైతుకు, మేత గొర్లకు. తొలకరి దాకా ఊరి మొగం చూడరు. పదిహేను రోజులకొకసారి వాళ్లందరికీ ఇళ్ల నుంచి సరుకు తీసుకుపోయే మనిషి బీరమ్మ. యాభై దాటిన మనిషి. రెండు సిమెంటు సంచులు కలిపి కుట్టిన సంచి నెత్తిన పెట్టుకుని బస్సెక్కుతుంది. అందులో జొన్నపిండి, కారం, పొగాకు, గొర్ల మందులు, ఒకరి కళ్లద్దాలు, ఇంకొకరి చెప్పులు. వాటితో పాటు పెండ్లి పత్రికలు, బడి కాయితాలు, ఉత్తరాలు.

ఆమెకు చదువు రాదు. అయినా ఒకరి కాయితం ఇంకొకరికి ఇచ్చిందన్న మాట ఎన్నడూ వినలేదు. ఎవరి ఇంటి పిండిమూటలో వాళ్ల కాయితం పెడుతుంది. మూట కట్టిన గుడ్డను చూస్తే అది ఎవరిదో ఆమెకు తెలుసు. మందల దగ్గర అందరూ పిండి అంటిన ఉత్తరాలే చదువుకుంటారట. ఊరు దీన్ని బీరమ్మ టపా అనేది, అదీ నా కిటికీ ముందు నిలబడి. నా సంచి కన్నా ఆమె సంచి బరువు. అది కనబడినప్పుడల్లా నా బోర్డు వంక చూసుకునేవాణ్ణి.

చట్టంలో కొన్ని మినహాయింపులు ఉన్నాయి. స్నేహితుడు ఊరికే తీసుకుపోవచ్చు. సరుకుతో పాటు ఆ సరుకు గురించిన ఉత్తరం పోవచ్చు. పిండిమూటలో పెండ్లి పత్రిక పెడితే అది పిండి గురించిన ఉత్తరమవుతుందా, కాదా? ఒక ఆదివారమంతా ఆలోచించాను. ఆండాళు మగ్గం మీది నుంచి, "పెండ్లిల రొట్టెలు చేస్తరు గావచ్చు, అయితదని రాసుకో" అంది. నేను కాదని తేల్చాను. పైగా ఏడాదికి ఒక గొర్రెపిల్లను అందరూ కలిసి బీరమ్మకు ఇస్తారు. అది కిరాయి. కిరాయి ఉంటే నేరం.

తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు చేతిలో రెండు పేజీల ఫిర్యాదు పెట్టాను. ఆయన ఓపిగ్గా చదివి, "ఈమె మేళ్లచెరువు దాకా పోతదా?" అని అడిగారు. ఔనన్నాను, కేసు కుదురుతోందని సంబరపడుతూ. "మా మేనత్త ఆడనే ఉంటది. బుట్టెడు సీతాఫలాలు పంపుదామనుకుంటున్న. ఈమె బస్సు ఎన్నింటికి?" అన్నారు. సీతాఫలాలు ఉత్తరాలు కావు కాబట్టి నేను కాదనలేకపోయాను. బుట్టను బీరమ్మ ఇంటికి మోసుకుపోయింది కూడా నేనే.

ఇక అసలు సంగతి. నిరుడు ఫిబ్రవరి కాదు, అంతకు ముందు, ఇరవై అయిదో సంవత్సరం ఫిబ్రవరి పదో తారీఖున గుర్వయ్య పేరు మీద ఒక రిజిస్ట్రీ, అంటే రిజిస్టర్డ్ ఉత్తరం, వచ్చింది. పంపింది భూముల ఆఫీసు. ఊళ్లో ఇంకో ఆరుగురికీ అవే వచ్చాయి గనుక లోపల ఏముందో అందరికీ తెలుసు. ఇరవయ్యో తారీఖు గురువారం పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్‌లో, హద్దుల విచారణ. గుర్వయ్యకున్న మూడెకరాల్లో ఎకరం ఇరవై గుంటలు కొత్త కొలతల్లో పక్కవాడి కిందికి పోయింది. ఆ రోజు పోయి చెప్పుకుంటే సరిచేస్తారు. పోకపోతే అదే ఖాయం. నోటీసు చేతిలో ఉన్నవాళ్లనే లోపలికి పిలుస్తారని కింద రాసి ఉంది. గుర్వయ్య అప్పటికి భార్య సత్తమ్మతో, మైసయ్యతో కలిసి మేళ్లచెరువు దగ్గర మందతో ఉన్నాడు.

మర్నాడు పొద్దున బీరమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది.

"సారూ, గుర్వయ్య కాయితం వచ్చిందంట గదా. ఎల్లుండి నేను మంద కాడికి పోతున్న. ఇటియ్యి, ఆయన చేతుల వెడ్త."

"అది రిజిస్ట్రీ బీరమ్మా. నీ పిండిల పెట్టే కాయితం కాదు."

"పిండిల పెట్టను. కొంగుకు గట్టుకుంట."

"కొంగుకు కట్టుకున్నా నేరమే. పైన బోర్డు మీద ఏమున్నది?"

"నాకు సదువు రాదు సారూ. నువ్వే సదువు."

చదివి వినిపించాను. చివరి మాటలు రెండుసార్లు చదివాను. ఆమె తల ఎత్తి ఆ అక్షరాల వంక చూసింది. "అంటే, నేను ముట్టుకుంటే జేలా?"

"చట్టం గట్లనే ఉన్నది."

"మరి ఇన్నేండ్ల సంది మోసినయి?"

"అవి నేను చూసీ చూడనట్టు ఇడిసిపెట్టిన" అన్నాను, దేశంలోని జైళ్ల తాళంచెవులన్నీ నా మొలతాడుకే వేలాడుతున్నట్టు.

బీరమ్మ మొగం చిన్నబోయింది. మంద ఎక్కడుందని అడిగితే, సిమెంటు ఫ్యాక్టరీల తొవ్వలో పత్తి చేన్ల ఉన్నదని చెప్పి వెళ్లిపోయింది. ఆమె అలా బెదిరినందుకు నాకు లోపల ఎంత తృప్తిగా అనిపించిందో రాయాలంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

అంతటితో ఆగి ఆ కవరును బల్ల సొరుగులో పెట్టి ఉంటే ఏ గొడవా లేదు. కానీ బీరమ్మ బస్సు కంటే సర్కారు టపా గొప్పదని చూపించాలనిపించింది. కవరు మీద మా ఊరి పేరు కొట్టేసి కొత్త చిరునామా రాశాను: గుర్వయ్య, గొర్ల మంద, పత్తి చేను, సిమెంటు ఫ్యాక్టరీల దారి, మేళ్లచెరువు. ముద్ర కొట్టి ఆ మధ్యాహ్నం సంచిలోనే పంపేశాను. గుర్వయ్యకు ఫోన్ చేసి ఒక మాట చెప్పలేదు. చెబితే గొప్పేముంది? పత్తి చేను మధ్యలోకి సర్కారు వెతుక్కుంటూ రావాలి, అతను నోరు తెరవాలి. అప్పుడు బీరమ్మ కూడా అక్కడే ఉండాలి.

కవరు జడ్చర్ల పోయింది, మహబూబ్‌నగర్ పోయింది, హైదరాబాద్ పోయింది, నల్లగొండ వైపు తిరిగింది. ఫోన్‌లో నంబరు కొట్టి రోజుకు పదిసార్లు చూసుకున్నాను. మధ్యలో ఆదివారం వచ్చింది. "ఎవరికి బాగలేదు? అన్నిసార్లు ఫోన్ చూస్తున్నవు" అని ఆండాళు అడిగింది. చెప్పాను. ఆమె మగ్గం ఆపి నా వంక చూసి, "గుర్వయ్యకు చెప్పినవా?" అంది. నేను మళ్లీ ఫోన్ వైపు చూశాను, ఆమె మళ్లీ మగ్గం వైపు తిరిగింది.

పద్దెనిమిదో తారీఖు మంగళవారం పది గంటలకు గుర్వయ్య నా కిటికీ ముందు నిలబడ్డాడు. కాయితం నా దగ్గర ఉందని బీరమ్మ చెప్పిందట, విచారణ తారీఖు ఊరివాళ్లెవరో ఫోన్‌లో చెప్పారట. మందను సత్తమ్మకూ మైసయ్యకూ అప్పజెప్పి, వాళ్లకు తోడు బీరమ్మను అక్కడే ఉండమని, రెండు బస్సులు మారి వచ్చాడు. కాళ్ల మీద అక్కడి నల్లమట్టి ఇంకా ఉంది.

"సారూ, నా కాయితం."

నేను ముప్పై ఏళ్లలో ఎన్నో ఉత్తరాలు ఇచ్చాను. ఇవ్వడానికి చేతిలో ఏమీ లేకుండా ఒక మనిషి ఎదురుగా కూర్చోవడం అదే మొదటిసారి.

"నీ కాడికే పంపిన గుర్వయ్యా. మంద కాడికి."

అతను కాళ్ల మీది మట్టి వంక చూసుకున్నాడు. "నేనీడ, కాయితమాడ" అన్నాడు. "నాకు చెప్పకుంట ఎందుకు పంపినవ్ సారూ?"

బీరమ్మ మీద గెలవడానికి అని చెప్పలేకపోయాను. "రూలు గట్లుంది" అన్నాను. రూలు అలా లేదు. చిరునామాదారు అడిగితేనే మార్చి పంపాలని ఉంది. అది నాకు ఆ మాట అన్నాక గుర్తుకొచ్చింది.

గుర్వయ్య తిట్టలేదు, తిట్టి ఉంటే బాగుండేది. మెట్టు మీద కూలబడి, "మా నాయిన గా ఎకరంనర్రల రాళ్లేరంగ ఏరంగనే పానం వోయింది సారూ. గవి గట్టు మీద ఇప్పటికున్నయి, నువ్వు సూసినవు" అన్నాడు. చూశాను. ఆ గట్టు మీద నుంచే ఉత్తరాలు పట్టుకుని గూడేనికి పోతాను. భూముల ఆఫీసుకు ఫోన్ చేసి కాయితం దారిలో ఉందని బతిమాలాను. నోటీసు ఉంటేనే పేరు పిలుస్తామన్నారు. వాళ్ల రూలు వాళ్లు చెప్పారు, రూలు చెప్పే మనిషి గొంతు అవతలి నుంచి వింటే ఎలా ఉంటుందో నాకు తెలిసింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఆండాళు బలవంతపెట్టలేదు కూడా.

బుధవారం పొద్దున కవరు మేళ్లచెరువు పక్క ఊరి బ్రాంచికి చేరినట్టు ఫోన్ చూపించింది. అక్కడి పోస్టు మాస్టరు మంజులత అనే చిన్నపిల్ల, ఉద్యోగంలో చేరి రెండేళ్లు. నంబరు పట్టుకుని ఫోన్ చేసి, తప్పంతా చెప్పుకున్నాను. ఆమె మొదట నవ్వింది. తర్వాత, "గొర్ల మంద, పత్తి చేను అని చూసి ఎవరో ఆట పట్టిస్తున్నరనుకున్న సార్" అంది. మంద తన దారిలోనే ఉందట, సత్తమ్మ రోజూ కనబడుతుందట. భార్యే కాబట్టి వేలిముద్ర తీసుకుని ఇచ్చేస్తానంది.

"ఇచ్చినా ఇటు తెచ్చేదెవరమ్మా? మందను ఇడిసి ఆయన భార్య రాలేదు. ఇంకొకామె ఉన్నది గాని, ఆమె కిరాయి మీద మోసే మనిషి. నాలుగో సెక్షను ప్రకారం..."

"ఏ సెక్షను సార్?"

చెప్పాను. కంఠతా వచ్చినదాన్ని ఇంగ్లిష్‌లో కూడా చెప్పాను.

"అది పాత చట్టం గదా సార్. పోయిన జూన్‌లనే కొత్తది వచ్చింది. ఉత్తరాలు సర్కారే మోయాలె అనేది దాంట్ల లేదు. మనందరికీ సర్క్యులర్ వచ్చింది, మీరు చూడలేదా?"

ఫైలు తీశాను. సర్క్యులర్ ఉంది. కింద "చదివి తెలుసుకున్నాను" అని, దాని కింద నా సంతకం, తేదీ. చక్కని సంతకం. ఎనిమిది నెలల కిందట చచ్చిపోయిన హక్కుకు కాపలా కాస్తూ, ఆ చావు కబురు మీద సంతకం పెట్టి మరీ, నేను బీరమ్మను జైలని బెదిరించాను.

మైసయ్య ఫోన్‌కు చేసి బీరమ్మకు ఇమ్మన్నాను.

"బీరమ్మా, గుర్వయ్య కాయితం ఇయ్యాల ఆడికొస్తది. జర నువ్వు పట్టుకుని పాలమూరు రావాలె. రేపు పదింటికల్ల."

"నేను ముట్టుకుంటే జేలంటివి గదా సారూ?"

"ఆ చట్టం పోయింది."

"ఎప్పుడు వోయింది?"

"పోయిన జూన్‌ల."

"మొన్న నువ్వు సదివి ఇనిపిస్తివి?"

"అప్పటికే పోయింది. కాయితం వచ్చింది గాని, నేను చదవలే."

అవతల గొర్ల అరుపులు వినిపించాయి. "సదువు రానిది నాకు గదా సారూ" అంది బీరమ్మ. వెక్కిరింపుగా కూడా అనలేదు, నిజంగానే అడిగినట్టుంది. నేను సర్క్యులర్ కింది నా సంతకం వంక చూసుకున్నాను. "గుర్వయ్యను ఫికర్ జెయ్యొద్దను. నేనొస్త" అని ఆమే పెట్టేసింది.

గురువారం తొమ్మిదిన్నరకు గుర్వయ్య, నేను ఆఫీసు గేటు దగ్గర ఉన్నాం. ఊరి వారీగా పిలుస్తున్నారు. మాకంటే ముందు మూడు ఊళ్లు. పదయింది. రెండు ఊళ్లయ్యాయి. పదిన్నరయింది. గుర్వయ్య రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు. మేళ్లచెరువు నుంచి పాలమూరుకు ఎన్ని బస్సులు మారాలో లెక్కపెడుతూ, ప్రతి బస్సూ నా పాపం వల్లనే ఆగిపోయిందని నేను అనుకున్నాను. రాళ్లచెలక అని లోపల పిలిచారు. మావాళ్లు ఆరుగురూ నోటీసులు చూపి లోపలికి పోయారు. గుర్వయ్య గేటు దగ్గరే ఉన్నాడు.

అప్పుడు బీరమ్మ ఆటో దిగింది. అటు నుంచి దేవరకొండ దాకా ఒక బస్సు, రాత్రికి అక్కడే బస్టాండులో పడుకుని, పొద్దున్నే ఇంకో రెండు బస్సులు. కొంగు ముడి విప్పుకుంటూ గబగబా వచ్చింది. అలవాటు కొద్దీ నేను చెయ్యి చాపాను. ఆమె నా పక్కనుంచి పోయి కవరును గుర్వయ్య చేతిలో పెట్టింది.

గుర్వయ్య కూడా అలవాటుపడ్డ మనిషే. బొటనవేలు ముందుకు పెట్టి, "ఏడెయ్యాలె ఏలుముద్ర?" అన్నాడు.

"నాకెందుకయ్యా ముద్ర? నువ్వు గుర్వయ్యవని నాకెరుకలేదా?"

నేను ఉత్తరం ఇచ్చేటప్పుడెప్పుడూ కాయితం మీద సంతకం చోటే చూసేవాణ్ణి. సంతకం అక్కర్లేని ఆ ఒక్క రోజు మనిషి మొగం చూశాను. గుర్వయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. కవరును రెండు చేతులా పట్టుకుని లోపలికి ఉరికాడు.

మేమిద్దరం గోడ నీడన కూర్చున్నాం. "తప్పయింది బీరమ్మా" అన్నాను. ఆమె కాళ్లు చాపుకుని, "చాయ్ తాపియ్యి సారూ, నిన్నటి సంది ఏం తాగలే" అంది. తాపించాను. రెండు కప్పులు తాగింది.

గంటకు గుర్వయ్య బయటికి వచ్చాడు. గట్టు మీది రాళ్ల దాకా తన నేలే అని రాశారట, ముందు బీరమ్మకు చెప్పాడు, తర్వాత నాకు చెప్పాడు. కాసేపు ముగ్గురం నవ్వుకున్నాం. బస్టాండు వైపు నడుస్తూ గుర్వయ్య నా దగ్గరగా వచ్చి, నన్ను నొప్పించకూడదన్నట్టు మెల్లగా అన్నాడు.

"సారూ, ఇగ నుంచి నా కాయితం ఏదొచ్చినా బీరమ్మకియ్యి."

చిరునామాదారు అలా అడిగితే రాతపూర్వకంగా తీసుకోవాలని రూలు ఉంది. అది మాత్రం ఇంకా పోలేదు.

"ఇస్త" అన్నాను. రాసిమ్మని అడగలేదు.